బతికున్నవాడి తోట

మేస్త్రిని కొట్టి చంపేశారని లింగన్న ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరుతూ చెప్పులు తొడుక్కుంటున్నాను. మేస్త్రి తన ఊళ్లో ఎవరిదో పాత దిగుడు బావి బాగుచేసే పనికి కుదిరాడట. రాళ్లు మోసేవాణ్ణి ఒకణ్ణి కొట్టాడట. వాడి అన్నదమ్ములు మర్నాడు గడ్డపారలు పట్టుకుని వచ్చారట. అబుదాబిలో ముసాఫా వైపు ఒక రాళ్ల కార్ఖానాలో పనిచేస్తున్న లింగన్న ఇదంతా బస్సుల వేళలు చదివినట్టు చదివేసి, చివర్న ఒక్క మాట అన్నాడు.

"పీడ వోయింది మేడం."

నాకు ఏడుపు రాలేదు. ఆయనకంటే ముందు చెయ్యెత్తగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒకడున్నాడా అని మాత్రం అనిపించింది. ఆ తరవాత కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. చెప్పులు విప్పేసి కుర్చీలో కూర్చుండిపోయాను, ఆ రోజు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లాను.

మేస్త్రి నాకు చుట్టం కాదు, స్నేహితుడు అంతకన్నా కాదు. ఆయనది ఉత్తర తెలంగాణలో ఒక పల్లె, నాది కోనసీమ. ఆయన రాయి కొట్టే మనిషి, నేను కాగితం మీద తోటలు గీసే మనిషిని. కరోనా వచ్చిన రెండో ఏడు, దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమాలో, కొండల కింద, మేం ఒక తోట కట్టాం. నేను గీశాను, ఆయన తన మనుషుల్ని పెట్టుకుని కట్టాడు. ఆ పని నడిచినంత కాలం ఆయన్ని చూసి భయపడ్డాను, అసహ్యించుకున్నాను, పైవాళ్లకి ఫిర్యాదు కూడా చేశాను. ఇప్పుడు రాస్తున్నది ఆయన్ని వెనకేసుకు రావడానికి కాదు. కొట్టే చేతులంటే నాకు ఇప్పటికీ గిట్టదు.

ముందు ఆ తోట సంగతి చెప్పాలి. కట్టించుకునే పెద్దాయనను సైట్లో అందరూ అర్బాబ్ అనేవారు, అంటే యజమాని. మంచివాడే. కాకపోతే లోకమంతా తిరిగి వచ్చినవాడు, అదీ చిక్కు. స్పెయిన్ వెళ్లి, మధ్యయుగాల నాటి అరబ్బు రాజుల వాకిళ్లలో నీళ్లు కదలకుండా అద్దంలా నిలబడి ఉండటం చూసి వచ్చాడు. ఇరాన్ వెళ్లి, ఎడారి మధ్య నాలుగు గోడలు కట్టి, లోపల తిన్నగా కాలవ తీసి, దానికి రెండు పక్కలా నీడ చెట్లు పెంచిన తోటలు చూసి వచ్చాడు. కాశ్మీరు వెళ్లి, కొండ మీంచి అంతస్తులు అంతస్తులుగా దిగే నీళ్లు చూసి వచ్చాడు. అన్నీ నచ్చాయి, అన్నీ కావాలన్నాడు. గేటు దగ్గర మాత్రం ఇక్కడి పాత ఇళ్ల మీద గాలిని పట్టి లోపలికి దించే గోపురం ఉంటుంది చూడండి, అది ఉండాలన్నాడు. పులుసూ పాయసమూ ఒకే గిన్నెలో పొయ్యమన్నట్టుంది నాకు. జీతానికి గీసేదాన్ని కనక గీశాను.

బొమ్మ ఇదీ. తోటను నాలుగు మడులుగా చీల్చి, రెండు కాలవలు నట్టనడుమ ఒకదాన్నొకటి దాటేలా పెట్టాను. చార్‌బాగ్ అంటారు. స్వర్గంలో నాలుగు నదులున్నాయని నమ్మినవాళ్లు భూమ్మీద తోటకీ అదే లెక్క పెట్టుకున్నారు. కాలిబాటలు ఎత్తుగా, మడులు పల్లంగా ఉంటాయి. నడిచేవాడి పాదాల దగ్గరికి పూల తలలు వస్తాయి. కొండవైపున వాలుగా ఒక చెక్కుడు రాతిపలక. దాని మీంచి జారే నీళ్లు దుప్పటిలా మడతలు పడతాయి కనక దాన్ని చాదర్ అంటారు. కాలవలు కలిసేచోట ఎనిమిది మూలల కొలను, కొలను మధ్య చిన్న అరుగు, అరుగు మీద కూర్చోవడానికి ఒక రాతి బెంచీ. అంతే. స్వర్గం కట్టబోయిన ఆ చోట నేను చూసినంత కొట్లాట నా జన్మలో మరెక్కడా చూడలేదు.

మొదటిరోజు నేను సైట్లో అడుగుపెట్టేసరికి మేస్త్రి, లింగన్నని మెడ వెనక పట్టుకుని, వాడి మొహాన్ని సిమెంటు నీళ్ల తొట్లో ముంచుతున్నాడు. లింగన్న ఆయన కింద పనిచేసే రాతిపనివాడు, ఆయన పక్క ఊరివాడే. చాదర్ పలకను తలకిందులుగా బిగించాడట. నీళ్లు వదిలి చూస్తే మడతలు పడకుండా ఒక పక్కకి కొట్టుకుపోయాయట.

"ఎటు వోతున్నయిరా నీళ్లు? కండ్లు దెరిసి సూడు" అంటూ ముంచుతున్నాడు, లేపుతున్నాడు, మళ్లీ ముంచుతున్నాడు. మిగతావాళ్లు తలలు వంచుకుని ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు.

"వదలండి. పోలీసుల్ని పిలుస్తాను" అని అరిచాను.

మేస్త్రి వదిలేశాడు. లింగన్న నేల మీద పడి దగ్గుతుంటే ముక్కులోంచి బూడిదరంగు నీళ్లు వచ్చాయి. మేస్త్రి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఏమీ జరగనట్టు, "కొత్త మేడమా? నమస్తే" అన్నాడు.

"మీరు మనిషేనా మేస్త్రి గారూ?"

"తప్పు జేస్తే మీ ఆఫీసుల ఏం జేస్తరు మేడం?"

"మెమో ఇస్తాం. మరీ అయితే వీసా రద్దు చేసి ఇంటికి పంపుతాం."

"మీది ఇంట్ల పిల్లలకు తాకుతది. నాది వాని చెంపకే తాకుతది. ఏది నయమో వాన్నే అడుగుండ్రి."

నాకు మండిపోయింది. నిజంగానే లింగన్న వైపు తిరిగి అడిగాను. వాడు ముక్కు చీదుకుని, "రెండు వద్దు మేడం" అన్నాడు.

మేస్త్రి పొట్టి మనిషి. మెడ కనపడదు, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టుంటుంది. కాలవ మట్టం చూడటానికి నేల మీద పక్కకి పడుకుని చెంప రాతికి ఆనించేవాడు, అందుకని ఆయన ఎడమ చెంప ఎప్పుడూ తెల్లటి దుమ్ముతో ఉండేది. పాలు లేని చాయ్, ఇక్కడ సులైమానీ అంటారు, పొగలు కక్కుతుండగా ఒక్క గుక్కలో మింగేసి కప్పు నలిపి విసిరేవాడు. రాళ్లను బూతులు తిట్టేవాడు. బాగా కుదిరిన రాయిని ఇంకా పెద్ద బూతు తిట్టేవాడు. ఎవరైనా తప్పుగా చెక్కిన రాయిని పక్కన పెట్టించడం ఆయనకి తెలియదు. చెక్కినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, సమ్మెటతో ఆ రాయిని కంకర చేసేవాడు. ఆ చప్పుడుకి వెనక కొండ కూడా బదులు పలికేది. చెక్కినవాడు కళ్లు మూసుకుంటే చెవి పట్టి తెరిపించేవాడు.

చేతుల్లో బరువుంటే నుదుటితో కొట్టేవాడు. అదీ నా కళ్లతోనే చూశాను. గుర్రపు నాడా ఆకారంలో స్పెయిన్ తరహా తోరణం ఒకటి తయారుగా లారీలో వచ్చింది, వేరే కంపెనీవాళ్లు తెచ్చి నిలబెట్టారు. దాని పక్క గోడకి అప్పటికే ఇరాన్ తరహా నీలం పెంకులు అతికించి ఉన్నాయి. మేస్త్రి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"గిది ఏ ఊరిది మేడం?"

"స్పెయిన్‌ది."

"గా పెంకులు?"

"ఇరాన్‌వి."

"మరి ఒకలింట్లకు ఒకలు ఎందుకొచ్చిండ్రు? తోటకు ఒక్క ఊరుండాలె మేడం. నాలుగూర్లుంటే అది సంత."

లోపల నేను కూడా అదే అనుకుంటున్నాను కనక నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆయన ఏమనుకున్నాడో, సమ్మెట తెప్పించి తోరణం కాలు విరగ్గొట్టాడు. ఆ కంపెనీ ఫోర్మన్ పరిగెత్తుకొచ్చి కాలర్ పట్టుకున్నాడు. మేస్త్రి చేతుల్లో సమ్మెట అలాగే ఉంది. తల ఒక్కసారి వెనక్కి తీసి ముందుకు కొట్టాడు, అంతే, ఫోర్మన్ ముక్కు చిట్లి కొత్త కాలిబాట మీద రక్తం చిమ్మింది. ఆ రాయి తెల్ల రాయి, రక్తాన్ని పీల్చేసుకుంది. ఎన్నిసార్లు కడిగినా ఆ మచ్చ పోకపోతే చివరికి ఆ పలకే మార్చాల్సి వచ్చింది. ఆయన్ని పంపేయమని ఆఫీసుకి రాశాను. అప్పట్లో కరోనా భయానికి కొత్తవాళ్లు రావడం లేదు, ఉన్నవాళ్లలో ఆయనంత రాతిపని తెలిసినవాళ్లు లేరు. ఆఫీసు నా ఉత్తరాన్ని పక్కన పెట్టింది, మేస్త్రి మర్నాడు పనిలోకి వచ్చాడు.

ఒక్క మధ్యాహ్నం మాత్రం ఆయనతో నిమ్మళంగా మాట్లాడాను. ఎండకి పని ఆపేసి అందరూ గోడ నీడన కూలబడ్డారు. గోల్కొండ అవతల రాజుల గుమ్మటాలుంటాయి కదా, మీసాలు కూడా రాని వయసు నుంచి వాటి మరమ్మతు పనుల్లోనే పెరిగానని చెప్పాడు. డంగు సున్నం నూరడం దగ్గర మొదలుపెట్టి, గుమ్మటం మొదట్లో చుట్టూ విచ్చుకునే తామర రేకుల దాకా అన్నీ ఆయన చేతికి వచ్చాయట. పాతబస్తీ ఉస్తాద్ ఒకాయన నేర్పాడట, తాపీతో కొట్టి నేర్పాడట. వంకరపోయిన చూపుడు వేలు చూపించాడు, పతకం చూపించినట్టు.

"దెబ్బ వడని చెయ్యికి పని ఎట్లొస్తది మేడం?"

"నేను ఒక్క దెబ్బ తినకుండా నేర్చుకున్నానండీ."

ఆయన నా చేతిలో ఉన్న బొమ్మ కాగితం వైపు కాసేపు చూశాడు. "గందుకే మీ గీతలు గంత నిమ్మలంగ ఉన్నయి" అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో ఇప్పటికీ తెలియదు. తరవాత కాలవ వైపు చూపించి, "నీళ్లు ఉరుకద్దు, నడవాలె" అన్నాడు. ఆ మాట రోజూ అనేవాడు, ఎవరినో ఒకరిని కొడుతూ అనేవాడు. ఆ రోజు మాత్రం ఉత్తినే అన్నాడు.

ఆ తరవాత నాకు కరోనా వచ్చింది. గదిలో పడి ఉన్నాను. కొలను నడుమ అరుగు మీద వేయాల్సిన బెంచీ బొమ్మ ఇంకా ఖాయం కాలేదు, తిరిగి వచ్చాక ఇస్తానన్నాను. మేస్త్రి ఆగలేదు. ఆగడం ఆయన ఒంట్లో లేదు.

నేను తిరిగి సైటుకి వెళ్లిన రోజునే సాయంత్రం అర్బాబ్ తన ముసలి తల్లిని తీసుకుని తోట చూడటానికి వస్తున్నాడు. కొలను నిండుగా ఉంది, చాదర్ మీద నీళ్లు మడతలు పడుతున్నాయి, మడుల్లో దానిమ్మ మొక్కలు చిగురేశాయి. నిజంగా బాగుంది. కాలిబాట మీంచి నడుచుకుంటూ నడుమకి వచ్చాను, అక్కడ అరుగు మీద చూసి నా కాళ్లు ఆగిపోయాయి.

అది బెంచీ కాదు. గోరీ. ఉత్తర దక్షిణాలుగా, మనిషి పొడుగున, ఒకదాని మీద ఒకటి చిన్నదవుతూ పోయే రాతి అంచెలు, పైన గుండ్రటి వీపు, తలవైపున దీపం పెట్టుకునే గూడు. చెక్కుడు ఎంత బాగుందో చెప్పలేను. అంచుల చుట్టూ సన్నటి తీగ, తీగకి మొగ్గలు. గోల్కొండ అవతల ఏ గుమ్మటంలోకి తీసుకెళ్లి పెట్టినా అక్కడిదే అనుకుంటారు.

"మేస్త్రి గారూ, ఇదేంటండీ?"

"నడిమి రాయి మేడం. ఎట్లున్నది?"

"ఇది గోరీ అండీ. సమాధి."

"మరి? తోట నడుమ గదే ఉంటది."

"అర్బాబ్ బతికే ఉన్నాడండీ. సాయంత్రం వస్తున్నాడు, వాళ్లమ్మని తీసుకుని వస్తున్నాడు. తోటలో తన గోరీ చూసుకోవాలా ఆయన?"

మేస్త్రి మొహంలో రంగు మారడం నేను చూసింది ఆ ఒక్కసారే. రాయి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నేను జూసిన తోటలన్ని సచ్చినోల్లయే మేడం" అన్నాడు. "బతికున్నోడు గూడ తోట గట్టుకుంటడని నాకేమెరుక?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగు మడులు, కాలవలు, ఎత్తు బాటలు, నడుమ అరుగు, అన్నీ ఆయన ఎరిగినవే. కాకపోతే ఆయన ఎరిగిన చోట వాటి నడుమ రాజులు గోరీల్లో పడుకుని ఉన్నారు. ఆ రాజులు కూడా బతికుండగా తోటల్లో కూర్చున్నారని, దక్కనులోనూ అట్లాంటి తోటలుండేవని చెప్పే తీరిక అప్పుడు నాకు లేదు. "పగలగొట్టండి, సాయంత్రంలోపు" అన్నాను.

ఆయన వాదించలేదు. సమ్మెట అందుకున్నాడు. మంచి పనిని ఆయన పగలగొట్టడం అంతకుముందు నేను చూడలేదు. ఒక్కొక్క దెబ్బకీ ఉమ్ముతూ, ఆ రాయిని నోటికొచ్చిన బూతులన్నీ తిడుతూ కొట్టాడు. తీగలు, మొగ్గలు ఎగిరి కొలనులో పడుతున్నాయి. ఒక ముక్క వచ్చి ఆయన కనుబొమ కోసేసింది, రక్తం కంట్లోకి కారుతోంది, ఆపలేదు. మిగతావాళ్లు దూరంగా నిలబడ్డారు. లింగన్న మాత్రం దగ్గరగా వచ్చి, "మేస్త్రీ, కింది రాయి నేను తీస్త, మీరు ఉండుండ్రి" అని బతిమాలుతున్నాడు. ఎందుకు బతిమాలుతున్నాడో నాకు అర్థం కాలేదు. అప్పటికే ముదీర్ వచ్చేశాడు.

ముదీర్ అంటే అర్బాబ్ ఆస్తులు చూసే మేనేజరు. చిన్నవాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఎప్పుడూ ఫోను. సాయంత్రం ఏర్పాట్లు చూడటానికి ముందే వచ్చాడు. విరిగిన గోరీ చూసి నోరు తెరిచాడు. సరిగ్గా అదే నిమిషాన మేస్త్రి కింది రాయిని పెకలించాడు.

రాయి కింద గుంట ఉంది. గుంటలో పసుపు, కుంకుమ, గుప్పెడు బియ్యం, ఎండి నల్లబడ్డ నిమ్మకాయ.

మన మేస్త్రీలు ముఖ్యమైన రాయి ఏది నిలబెట్టినా కింద ఇవి పెడతారు. ఆ జట్టులో ఆ పని లింగన్నది. రాయి కదలకూడదని, పనివాళ్లకి దెబ్బ తగలకూడదని దణ్ణం పెట్టుకుని పెడతాడు. రాయి కింద ఉండిపోతుంది కనక ఎవరూ చూడరు. ఇప్పుడు ముదీర్ చూశాడు. బతికున్న మనిషి తోటలో గోరీ, దాని కింద ఎర్రటి పొడి, నిమ్మకాయ. మా కోనసీమలో అయినా ఎవరైనా ఏమనుకుంటారు? పైగా ఈ దేశంలో చేతబడి నేరం. సిహ్ర్ అంటారు. పెట్టినవాడు జైలుకి పోతాడు.

"సిహ్ర్" అన్నాడు ముదీర్. నిజంగానే భయపడ్డాడు, ఆ మాట ఒప్పుకోవాలి. గుంటని ఫోటో తీశాడు. "కిస్నే రఖా?" అని అరిచాడు, ఎవరు పెట్టారని. పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

లింగన్న పెదాలు తెల్లబడిపోయాయి. ఎవరూ మాట్లాడకుండా ఉంటే ఏమయ్యేదో. మేస్త్రి చెయ్యి లేచింది, అలవాటుగా లేచింది, లింగన్న చెంప మీద పడింది.

"నీ పూజలు నాశనంగాను. ఎన్నిమార్లు జెప్పిన్రా వద్దని."

ముదీర్‌కి తెలుగు రాదు. ఆ దెబ్బ అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు. నువ్వా అన్నట్టు వేలు పెట్టి చూపించి, లింగన్న మొహాన్ని కూడా ఫోటో తీశాడు. లింగన్న మోకాళ్ల మీద కూలబడి, "సాబ్, సాబ్" అంటున్నాడు.

మేస్త్రి తన చేతివైపు చూసుకున్నాడు. వాడి పేరు తన చెయ్యే చెప్పేసిందని ఆయనకి తెలిసింది. నేను ఎదురుగా ఉన్నాను, తెలియడం చూశాను. సమ్మెట కింద పడేశాడు. అది చేతిలో ఉండి ఉంటే ముదీర్ ఈ రోజు లేడు.

మొదటి దెబ్బ మణికట్టు మీద. ఫోను ఎగిరి కొలనులో పడింది. రెండోది నుదుటితో, ముక్కు మీద. ఆ తరవాతవి లెక్కపెట్టడం నాకు చేతకాలేదు. చొక్కా పట్టుకుని ఆ గుంటలోకే ఈడ్చి, మోకాలు ఛాతీ మీద పెట్టి, మొహం మీద గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. నేను అరుస్తున్నాను. పనివాళ్లు వచ్చి లాగుతుంటే మోచేతులతో వాళ్లనీ కొట్టాడు. ముదీర్ కదలడం మానేశాడు. మేస్త్రి మాత్రం ఆగలేదు, కానీ ఇప్పుడు కొడుతున్నది మనిషిని కాదు. మడమతో గుంటని రుబ్బుతున్నాడు. పసుపు, కుంకుమ, బియ్యం, రక్తం, మట్టి అన్నీ కలిపి దోసిళ్లతో ఎత్తి కొలనులోకి విసురుతున్నాడు. నిమ్మకాయని నోట్లో పెట్టుకున్నాడు.

పోలీసులు, అంబులెన్సు వచ్చేసరికి కొలను అంచున కూర్చుని నములుతున్నాడు. ఎండిన నిమ్మకాయ, తోలు లాగా సాగుతుంది. దవడలు కదులుతుంటే కనుబొమ రక్తం గడ్డం మీదికి కారుతోంది. మింగేశాక నోరు తుడుచుకుని, "హా, మైనే మారా" అన్నాడు, తనే కొట్టానని. ఎందుకు కొట్టావంటే, "మా కో గాలీ దియా" అన్నాడు, అమ్మని తిట్టాడని. అదయితే ఏ దేశపు పోలీసుకైనా అర్థమవుతుంది. నన్నూ అడిగారు. పని దగ్గర గొడవ, ఈయన కొట్టాడు, నేను చూశాను అని చెప్పాను. నిమ్మకాయ సంగతి నన్నెవరూ అడగలేదు.

ముదీర్ ఆస్పత్రిలో కోలుకున్నాక సిహ్ర్ అని చెప్పాడు. ఫోను నీళ్లు తాగి చచ్చిపోయింది, గుంటలో మట్టి తప్ప ఏమీ లేదు. అర్బాబ్ కూడా తన ఇంటి చుట్టూ అలాంటి మాట తిరగడం ఇష్టం లేక అక్కడితో ఆపమన్నాడు. కేసు కొట్టుడు కేసుగానే మిగిలింది. లింగన్న వీసా మీద ఈగ వాలలేదు. మేస్త్రి జైలుకి వెళ్లాడు, తరవాత ఇంటికి పంపేశారు, మళ్లీ ఈ దేశం రాకుండా. ముదీర్‌కి కుడి కన్ను మసకగానే మిగిలిపోయింది. ఆయనకి ఇద్దరు పిల్లలు. మేస్త్రి మీద జాలి కలిగినప్పుడల్లా ఆ కన్ను గుర్తు తెచ్చుకుంటాను.

చాలా నెలల తరవాత ఒకసారి వాట్సాప్‌లో ఫోన్ చేశాడు. ఊళ్లోంచి. పలకరింపులేం లేవు.

"నీళ్లు నడుస్తున్నయా మేడం?"

"నడుస్తున్నాయండీ."

"ఉరుకుతలేవు గదా?"

"లేదు." ఇక ఉండబట్టలేక అడిగేశాను. "మేస్త్రి గారూ, ఆ రోజు కావాలనే కొట్టారు కదా? లింగన్న కోసం?"

"లింగడెవడు మేడం నాకు? వాని మొకం జూస్తెనే నాకు తిక్క లేస్తది" అన్నాడు. ఒక బూతు కూడా అన్నాడు, నన్నో, లింగన్ననో, ఆ ప్రశ్ననో. ఫోన్ పెట్టేశాడు. ఆయన గొంతు వినడం అదే ఆఖరు.

పీడ వోయింది అన్న మాట నన్ను ఆ వారమంతా వదల్లేదు. లింగన్నకి తెలియదేమో అనిపించింది. వాడు ఆ సమయంలో నేల మీద తల పెట్టి ఏడుస్తున్నాడు, ఏం చూసి ఉంటాడు? తెలియాల్సిన మనిషికి తెలియకుండా ఆ దెబ్బలన్నీ వట్టి పిచ్చి కోపంగా మిగిలిపోకూడదు అనుకున్నాను. ఆదివారం బస్సెక్కి అబుదాబి వెళ్లి, అక్కణ్ణుంచి ముసాఫా వెళ్లాను. లింగన్న వాళ్ల క్యాంపు బయట మలబారీ చాయ్ దుకాణం ముందు కూర్చున్నాం. సెలవు రోజు కదా, చుట్టూ అంతా మనవాళ్లే, ఫోన్లలో ఇళ్లతో మాట్లాడుకుంటున్నారు. లింగన్న జుట్టు నెరిసింది. నేను మొత్తం చెప్పాను. చెయ్యి చూసుకోవడం, సమ్మెట పడేయడం, గుంట, నిమ్మకాయ, అన్నీ.

వాడు చివరిదాకా విన్నాడు.

"నాకెరుకే మేడం. నేను గూడ సూసిన."

"మరి పీడ పోయిందని ఎలా అనగలిగావు?"

"ఇన్నేండ్లు కొట్టిండు మేడం నన్ను. నా బిడ్డ వీడియో కాల్‌ల నా మూతి జూసి ఏడ్సేది. గా ఒక్కనాడు నన్ను కాపాడిండని గవన్ని మాఫ్ జెయ్యాల్నా? జేస్తే ఆ పొల్ల ఏడుపు ఎటువోవాలె?"

వాడు కప్పు చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి మేస్త్రిని తిట్టడం మొదలుపెట్టాడు. వరస పెట్టి, తల్లినీ తాతనీ కలిపి, పక్క బల్లవాళ్లు తిరిగి చూసేలా తిట్టాడు.

"చచ్చిపోయినవాడు లింగన్నా, ఇక చాలు" అన్నాను.

"బందు వెడితే ఏడుస్త మేడం" అన్నాడు. "ఈడ అందరు జూస్తరు."

నేను మరి ఆపలేదు. వాడు తల వంచుకుని, గొంతు తగ్గించి, ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నట్టు, తిడుతూనే ఉన్నాడు.